సోమవారం మెకానిక్కు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మనుషులు మాట వినకపోతే ఎలాగో సర్దుకుంటాను గానీ, నా చేతిలో పడ్డ ఇంజను మాట వినకపోతే ఆ పూట నాకు అన్నం సయించదు. అలాంటిది ఒక ఇంజను నన్ను వరసగా ఆరు వారాలు ఊరందరి ముందూ నవ్వులపాలు చేసింది. ఎక్కడికైనా పారిపోదామా అంటే అది మా మామగారి పడవ ఇంజను. పైగా మా ఆవిడ పురిటికి వెళ్ళి ఆ ఇంట్లోనే ఉంది.

కావలిలో హైవే పక్కన నాకో చిన్న షాపు ఉంది. పొలాలకు మందు కొట్టే స్ప్రేయర్లు, నీళ్ళు తోడే చిన్న ఇంజన్లు బాగుచేస్తాను. పని నేర్చుకున్నది కోవూరులో, వరి పొలాల గట్ల మీద. నాకు పని నేర్పిన పెద్దాయన ముందు ఇంజను పక్కన కూర్చోబెట్టి వినమనేవాడు. జబ్బు చెవికి తెలిశాకే స్పానరు ముట్టుకోనిచ్చేవాడు. ఆ చెవి నాకు బాగా పట్టుబడిందని నా నమ్మకం. రోడ్డు మీద పోయే మోటారు సైకిలును ఆపి, దాని జబ్బేమిటో చెప్పి, అడగని సలహా ఇచ్చి, తిట్లు తిన్న రోజులు కూడా ఉన్నాయి.

మా అత్తగారి ఊరు కావలికి తూర్పున, ఉప్పుటేటి ఒడ్డున ఉంది. ఆ ఏరు ఇంటి వెనక నుంచి పోయి, ఒక వంపు తిరిగి, సవక తోపు, అంటే సరుగుడు చెట్ల తోపు, దాటాక సముద్రంలో కలుస్తుంది. కలిసే చోటును మొగ అంటారు. రేవు నుంచి మొగకు ఇంజను మీద అయిదు నిమిషాలు. ఇసుక మేట వేసిన మొగలో అలలు అడ్డదిడ్డంగా లేస్తాయి. అక్కడ ఇంజను నిలకడగా తిరుగుతుంటే పడవ ఎగిరి అవతల పడుతుంది. ఇంజను ఆగిందంటే అల పడవను అడ్డం తిప్పేస్తుంది, ఆ తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

మామకు అరవై దాటాయి. ముప్పై ఏళ్ళుగా ఆ మొగ దాటుతున్న మనిషి. మాట బహు పొదుపు. అల్లుడినని నా ముందు మరీ పొదుపు. నేను గుమ్మంలో చెప్పులు విడిస్తే చాలు, "వచ్చినావా అల్లుడూ" అని మంచం మీంచి లేచి నాకు చోటిచ్చేవాడు. ఇక వలలు చూసుకోవాలంటూ బయటికి పోయేవాడు. మర్యాద అన్నమాట. పెళ్ళయి రెండేళ్ళయినా మేమిద్దరం కలిపి నూరు మాటలు మాట్లాడుకుని ఉండం. మాటలన్నీ మా అత్త మాట్లాడేది. ఆయన తరఫునా, నా తరఫునా కూడా.

పడవ నడిపేది మామ, ముందు కూర్చుని వల వేసేది ఆయన కొడుకు, అంటే నా బావ. బావకు పడవలో అన్ని పనులూ వచ్చు, ఒక్క ఇంజను తప్ప. ఇంజను మీద మామ ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వడు. దానికి గుడ్డ కప్పేది ఆయనే, తుడిచేది ఆయనే, పొద్దున తాడు లాగి లేపేది ఆయనే.

ఆ ఇంజను కిరసనాయిలుతో నడుస్తుంది. దాని పద్ధతి కాస్త చెప్పాలి, లేకపోతే నా అవస్థ అర్థం కాదు. చల్లగా ఉన్న ఇంజను కిరసనాయిలుతో లేవదు. ముందు పెట్రోలుతో లేపి, వేడెక్కాక ట్యాపు తిప్పి కిరసనాయిలుకు మార్చుకోవాలి. ఆపేటప్పుడు మళ్ళీ పెట్రోలుకు తిప్పి, రెండు నిమిషాలు నడిపి, అప్పుడు ఆపాలి. అలా చేస్తే కార్బొరేటరు గిన్నెలో మిగిలిన కిరసనాయిలు కాలిపోయి, దాని చోట పెట్రోలు నిండుతుంది. మర్నాడు ఒక్క లాగుకు లేస్తుంది. నా షాపుకొచ్చే ప్రతి రైతుకూ నేను చెప్పే మొదటి పాఠం ఇదే. మామకు ఈ పాఠం నేను నిక్కర్లు వేసుకునే రోజులనుంచీ తెలుసు. ఆ ఊళ్ళో సగం మందికి నేర్పింది ఆయనే.

అప్పటికి మా పాప పుట్టి నెల రోజులైంది. నేను సోమవారం నుంచి శనివారం దాకా షాపులో ఉండి, ఆదివారం పొద్దున్నే బండి మీద అత్తగారింటికి పోయి, అందరితో పాటు చర్చికి వెళ్ళి, మధ్యాహ్నం భోంచేసి, పాప కాళ్ళూ చేతులూ లెక్కపెట్టుకుని సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి. ఆదివారం ఆ ఇంట్లో వల తడవదు, పడవ రేవులోనే ఉంటుంది.

ఒక మంగళవారం బావ ఫోన్ చేశాడు.

"బావా, ఇంజను పొద్దున్నే ఒకటే దగ్గు. తాడు లాగితే తెల్లపొగ వదల్తాది. లేసినట్టే లేసి పడిపోతాది. కాసేపు పోయినాక మళ్ళా బాగానే పోతాది. నువ్వోసారి చూడాల."

"అంతేనా? ఆదివారం వచ్చి పది నిమిషాల్లో చూసేస్తా," అన్నాను. ఆ పది నిమిషాల మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో గానీ, తర్వాత ఊళ్ళో వాళ్ళు దాన్ని చాలా రోజులు వాడుకున్నారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్ల చొక్కా విప్పి, పడవలో దిగాను. తాడు లాగాను. బావ చెప్పినట్టే దగ్గింది, తెల్లపొగ వదిలింది, పడిపోయింది. ప్లగ్గు తీసి చూస్తే తడిసి ఉంది. ట్యాపు ఎటు ఉందో చూశాను. పెట్రోలు వైపే ఉంది. అంటే ఆపేటప్పుడు మామ పద్ధతిగానే తిప్పి ఆపాడు. ఇంక అడగాల్సింది ఏముంది? అయినా ఆ మాట నేను ఆయన్ను అడగలేను. "ఆపే ముందు ట్యాపు తిప్పుతున్నారా మామా" అని అడగడమంటే పాస్టరు గారి దగ్గరికి పోయి బైబిలు చదివారా అని అడగడమే.

కార్బొరేటరు విప్పి, కడిగి, ప్లగ్గు రుద్ది, మళ్ళీ బిగించి లాగాను. ఒక్క లాగుకు లేచింది! రేవు దగ్గరే రెండు చుట్లు తిప్పి ఆపాను. ఒడ్డున పదిమంది చూస్తున్నారు. చేతులు తుడుచుకుంటూ నేను ఒడ్డు ఎక్కిన తీరు చూస్తే ఓడను బాగుచేశానని అనుకోవాలి. అత్త ఆ పూట రొయ్యల వేపుడు నాకు రెండుసార్లు వడ్డించింది.

సోమవారం బావ ఫోన్. "బావా, ఒక్క లాగుకే లేసింది!" మంగళవారం మళ్ళీ బావ ఫోన్. "బావా, మళ్ళా దగ్గతా ఉండాది."

రెండో ఆదివారం కొత్త ప్లగ్గు వేశాను. సోమవారం బ్రహ్మాండం, మంగళవారం దగ్గు. మూడో ఆదివారం నీళ్ళు కలిశాయేమోనని పెట్రోలు డబ్బా ఒలకబోసి కొత్తది నింపి, గొట్టాలు మార్చాను. సోమవారం బ్రహ్మాండం, మంగళవారం దగ్గు. నాలుగో ఆదివారం కాయిల్ మార్చాను, అయిదో ఆదివారం ఏం మార్చానో నాకే గుర్తు లేదు. ఇంజనులో మార్చడానికి మిగిలింది దాని రంగొక్కటే. ప్రతి ఆదివారం నేను చెయ్యి పెట్టాక లేస్తుంది, సోమవారం నా పరువు నిలబెడుతుంది, మంగళవారం గంగలో కలుపుతుంది. ఇలాంటి జబ్బు నేను ఎక్కడా చూడలేదు. షాపులో వేరే ఇంజను విప్పుతూ కూడా దాన్నే తిట్టుకునేవాణ్ణి.

ఊళ్ళో నాకు సోమవారం మెకానిక్కు అని పేరు పడింది. రేవులో వల బాగుచేసుకుంటూ కూర్చునే ముసలాయన ఒకాయన ఉండేవాడు. నా బండి కనబడగానే సూది ఆపి అడిగేవాడు.

"ఏంబ్బా సోమారం మెకానిక్కూ, ఈ తూరన్నా మంగళారం దాకా వస్తాదా?"

"వస్తుందిలే పెద్దాయనా."

"యా మంగళారం?"

అత్త మాత్రం నన్ను ఏమీ అనలేదు. అనకుండా పాస్టరు గారిని రేవుకు తీసుకొచ్చి ఇంజను మీద ప్రార్థన చేయించింది. ఆయన కళ్ళు మూసుకుని, ఇంజను మీద చెయ్యి వేసి, చాలాసేపు గట్టిగా ప్రార్థించాడు. ఆ చెయ్యి తీశాక నల్లగా అంటుకున్న గ్రీజు చూసి నా భుజం తట్టి, "నీకోసం కూడా చేసినాలే" అన్నాడు. అదీ ఆదివారమే. సోమవారం ఇంజను బ్రహ్మాండంగా లేచింది. పుణ్యం పాస్టరు గారి ఖాతాలోకి పోయింది. మంగళవారం దగ్గు మాత్రం నాదే.

ఇదంతా నవ్వులాటే అనుకున్నాను, అయిదో వారం గురువారం దాకా. ఆ రోజు పొద్దున ఇంజను ఎంతకీ కుదుటపడలేదట. తోటి పడవలు వెళ్ళిపోతున్నాయని మామ దగ్గుతున్న ఇంజనుతోనే బయల్దేరాడు. మొగలోకి వచ్చాక ఆగిపోయింది. అల వచ్చి పడవను అడ్డం తిప్పింది. వల సగం నీళ్ళలోకి జారిపోయింది. మామ తాడు లాగుతూనే ఉన్నాడు. అయిదుసార్లు లాగినా లేవలేదు. బావ ముందు నుంచి పాకుతూ వచ్చి ఆయన చేతిలో తాడు లాక్కుని లాగితే రెండో లాగుకు లేచింది. ఇద్దరూ ఎలాగో బయటపడ్డారు.

ఆ ఆదివారం బావ నన్ను ఇంటి పక్కకు పిలిచాడు.

"ఇంజనుకు ఏం రోగం లేదు బావా. నువ్వు అన్నీ మార్చినావు గదా. రోగం నాయన రెక్కలో ఉండాది."

"అదేంది?"

"చూడు మరి. ఆదివారం రెక్కకి రెస్టు. సోమవారం లేస్తాది. మంగళవారం నుంచి లేవదు. మొగలో ఆయన అయిదు తూర్లు లాగినా లేవలా, నేను రెండు తూర్లకే లేపినా. ఇంకేం కావాల నీకు? వయసైపోయింది బావా. ఇంక ఇంట్లో కూర్చోని మనవరాలిని ఆడించుకోమని చెప్తాం. వచ్చే ఆదివారం ప్రార్థన అయినాక నేనూ అమ్మా చెప్పేస్తాం. నువ్వు కూడా ఉండాల. నీ మాటైతే కాదనడు."

బావ చెప్పిన లెక్క ఎక్కడా తప్పలేదు. నా లెక్కే ఏ వారమూ కుదరలేదు. అతనికి తండ్రి మీద ప్రేమ లేకా కాదు. మొగలో తండ్రి కళ్ళ ముందే మునిగిపోతాడేమోనన్న భయం అది. చివర్లో భుజం నొక్కుకుంటూ, "నా రెక్కలు కూడా పడిపోతా ఉండాయి ఈ మధ్య, గడ వేసి వేసి," అన్నాడు. గడ అంటే ఏటి అడుగున ఆనించి పడవను తోసే పొడుగాటి వెదురు. ఇంజను ఉన్న పడవకు గడ ఎందుకు వేస్తున్నావు అని నేను అప్పుడే అడగాల్సింది. అడగలేదు. ఇంత చెవి ఉండి ఆ మాట వినిపించుకోలేదు.

లోపలికి వచ్చేసరికి మామ ఉయ్యాల దగ్గర నిలబడి ఉన్నాడు. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. ఆయన తన కుడిచెయ్యి చాపి, వేళ్ళు మూసి తెరిచి చూసుకుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి దించేశాడు. ఎప్పట్లా వలలు చూసుకోవాలని బయటికి పోలేదు.

"అల్లుడూ," అన్నాడు మెల్లిగా. "నిజం చెప్పు. ఇంజనా, నేనా?"

"ఇంజనే మామా," అన్నాను. నాకు తెలియకుండా అన్నాను. ఆయన తల ఊపాడు గానీ నమ్మలేదు. రోజూ పొద్దున సముద్రానికి పోయి, బాలింతకు పాలు పడాలని పాలసొర చేప కోసం వెతికి వెతికి తెచ్చే మనిషి. ఆయన్ను తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెడితే ఏమవుతాడో నాకు తెలుసు. మా నాన్నను అలాగే చూశాను. ఆ సాయంత్రం కావలికి బండి మీద వస్తూ దారంతా ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది.

ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. గురువారం షాపులో ఒక రైతు తన స్ప్రేయరు తెచ్చి, "ఏం చేసినా లేవలేదబ్బా" అని మొదలుపెట్టాడు. అలవాటుగా "మీరు చేసింది సరే, నేను లేకుండా మీరెట్ట వాడతారో అది చూపించండి" అన్నాను. అన్నాక నా మాట నాకే తగిలింది. మామ ఇంజనును నేను ఆదివారాలే చూశాను. అది పనిచేసే రోజున ఒక్కసారీ చూడలేదు. శుక్రవారం షాపు మూసేసి బండెక్కాను.

వెళ్ళేసరికి పది కావస్తోంది. పడవ ఇంకా రాలేదు. అత్త వంటింట్లో ఉంది. మా ఆవిడ తలకు పోసుకుని వసారాలో జుట్టు ఆరబెట్టుకుంటూ, నన్ను చూసి, "ఈరోజు శుక్రవారం గదా, దారి తప్పినావా?" అంది. ఉయ్యాల ఊపుతూ కూర్చోమని తాడు నా చేతికిచ్చింది. పాప మంచి నిద్రలో ఉంది.

కాసేపటికి ఏటి మీద నుంచి ఇంజను శబ్దం వినబడింది. మామ ఇంజనే. నిలకడగా, ఎక్కడా తప్పకుండా వస్తోంది. మొగ దాటింది. సవక తోపు దాటింది. ఎంత బాగా తిరుగుతున్నావే, పొద్దున నీకేం పోయేకాలం అని లోపల తిట్టుకుంటున్నాను. వంపు దగ్గరికి వచ్చింది. ఠక్కున ఆగిపోయింది.

నా గుండె కూడా ఆగినంత పనైంది. నడుస్తున్న ఇంజను కూడా చచ్చిపోతోందన్నమాట! ఉయ్యాల తాడు మా ఆవిడ ఒళ్ళో పడేసి, చెప్పులు కూడా లేకుండా ఒడ్డు వెంట పరుగెత్తాను. దారిలో రొయ్యల గుంటలకు నీళ్ళు తోడే మోటారు షెడ్డు ఒకటి ఉంది. దాని పక్కకు చేరేసరికి పడవ ఎదురుగా వస్తూ కనబడింది. బావ ముందు నిలబడి, రొప్పుతూ, గడ వేస్తున్నాడు. మామ వెనక ఇంజను దగ్గర తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది మామా, ఆగిపోయిందా?" అని అరిచాను.

మామ కంగారుగా పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "ష్! అరవబాక. పాప లేస్తాది."

నాకు అర్థం కాలేదు. అంతలో పడవ మోటారు షెడ్డుకు సరిగ్గా ఎదురుగా వచ్చింది. మామ షెడ్డు వైపు ఒకసారి చూశాడు. ఆయన చెయ్యి, ఆయనకు తెలియకుండానే, వెనక్కి పోయి ట్యాపును పెట్రోలు వైపు తిప్పింది. ఆగిపోయి చల్లారుతున్న ఇంజనుకు!

నేను ఆ బురద గట్టు మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాను. నవ్వాపుకోలేకపోయాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. బావ గడ పట్టుకుని నాకేదో అయిందనుకుని చూస్తున్నాడు.

ముప్పై ఏళ్ళుగా మామకు మోటారు షెడ్డు గుర్తు. షెడ్డు రాగానే ట్యాపు తిప్పేవాడు. అక్కడి నుంచి రేవు దాకా రెండు నిమిషాలు పెట్రోలు మీద నడిచేది. రేవులో ఆపేవాడు. పాప పుట్టి నెలయ్యాక, పది గంటలకు అది నిద్రపోయే వేళ తన ఇంజను మోత దాన్ని లేపుతుందని, వంపు దగ్గరే ఆపేయడం మొదలుపెట్టాడు. వంపు ముందొస్తుంది, షెడ్డు తర్వాతొస్తుంది. ఇంజను కిరసనాయిలు మీదే ఆగిపోతుంది. కానీ చెయ్యి మాత్రం అలవాటు మరవకుండా షెడ్డు దగ్గర ట్యాపు తిప్పుతూనే ఉంది. ఆదివారం నేను చూస్తే ట్యాపు పెట్రోలు వైపే ఉంటుంది, గిన్నెలో మాత్రం కిరసనాయిలు ఉంటుంది. నేను కార్బొరేటరు కడిగి, పెట్రోలు మీద లేపి, పెట్రోలు మీదే ఆపుతాను కాబట్టి సోమవారం లేస్తుంది. సోమవారం వేట నుంచి వస్తూ మామ మళ్ళీ వంపు దగ్గర ఆపుతాడు. మంగళవారం దగ్గుతుంది. మొగలో బావ రెండు లాగులకు లేపిందీ బలంతో కాదు. దగ్గుతూ పోయి సరిగ్గా వేడెక్కని ఇంజను కిరసనాయిలుకు మార్చగానే ఆగింది, మామ మళ్ళీ పెట్రోలుకు తిప్పి లాగిన అయిదు లాగులూ గిన్నెలోని కిరసనాయిలును తోడేశాయి.

నేను ఆరు వారాలు ఇంజను ఎలా లేస్తుందనే చూశాను, ఎలా ఆగుతుందో చూడలేదు. జబ్బుకు కారణం నేను ఊపుతూ కూర్చున్న ఉయ్యాలలోనే ఉంది. మా ఇంటి పిల్లే!

గట్టు మీద కూర్చునే ఇదంతా ఇద్దరికీ చెప్పాను. మామ ట్యాపు వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఊళ్ళో సగం మందికి నేర్పిన పాఠం తనే తప్పినందుకు సిగ్గో, మనవరాలి కోసం ఇంత చేసిన సంగతి అల్లుడి ముందు బయటపడినందుకు సిగ్గో తెలియదు. బావకు మాత్రం పట్టరాని కోపం వచ్చింది.

"అంటే పాప కోసమా నాతో ఇన్నాళ్ళూ గడ వేయించింది? నూనె మిగలబెట్టాలని చెప్తివే నాయనా!"

"నూనె కూడా మిగిలింది గదరా," అన్నాడు మామ.

నేను నవ్వుతుంటే ఆయన నా వైపు తిరిగాడు. "అయితే రెక్క కాదంటావా?"

"కాదు మామా. మీ రెక్క బంగారం."

ఆయన తన కుడి భుజాన్ని ఎడంచేత్తో ఒకసారి నిమురుకున్నాడు. నాకు మళ్ళీ కళ్ళు చెమ్మగిల్లాయి. అయితే ఈసారి కోపం రాలేదు.

ఇంటికొచ్చాక అత్త తీర్పు చెప్పింది. పాప లేస్తే లేచింది, ఊపి మళ్ళీ నిద్రపుచ్చుకుంటాం, మొగలో మనుషులు క్షేమంగా ఉండాలి, కాబట్టి ఇంజను రేవు దాకా రావాల్సిందే అంది. మామ మెల్లిగా, "వంపు కంటే ముందే ట్యాపు తిప్పుకొని, వంపు కాడ ఆపేస్తే?" అని అడగబోయాడు. "గడ నేను వెయ్యను," అని బావ ఇంట్లోంచి అరిచాడు. దాంతో ఆ మాట అక్కడే ఆగింది.

ఆ సాయంత్రం కార్బొరేటరు కడిగి, పెట్రోలు మీద లేపి, ఆపాను. నేను చేసిన పని అంతే, ఆరు వారాల్లో అన్నిటికంటే చిన్న పని. కానీ బావకు ఇంకా పూర్తి నమ్మకం కుదరలేదని నాకు తెలుస్తూనే ఉంది. ఆదివారం మాట్లాడతామన్న మాటను అతను వెనక్కి తీసుకోలేదు. "రేపు లేసినా అది శుక్రవారం నువ్వు చేసిన సోమవారమే," అన్నాడు. "రేపు నాయన ఆపి, ఎల్లుండి లేపాల, అప్పుడు చూస్తా." ఎల్లుండి ఆదివారం గదా అంటే, ఆదివారం ఇంజను లేపి చూస్తే పాపం ఏమీ లేదులే అన్నాడు.

శనివారం తెల్లవారుతుండగా రేవులో చేరాం. సూది ముసలాయన కూడా వచ్చి కూర్చున్నాడు. "ఈరోజు శనారం గదబ్బా, మెకానిక్కు సెలవు లేదా?" అన్నాడు. మామ పడవెక్కి, గుడ్డ తీసి మడత పెట్టి, ఎప్పటికంటే నెమ్మదిగా కూర్చున్నాడు. బావ ముందు నుంచి కన్నార్పకుండా చూస్తున్నాడు. మామ తాడు పిడిని కుడిచేత్తో పట్టుకున్నాడు. ఏమనుకున్నాడో, వదిలేశాడు. ఎడంచేత్తో పట్టుకున్నాడు.

ఒక్క లాగు. ఇంజను లేచింది. దగ్గు లేదు, తెల్లపొగ లేదు.

మామ కుడిచెయ్యి ఖాళీగానే ఉందని మా అందరికీ కనబడేలా పైకెత్తి ఊపి, పడవను మొగ వైపు తిప్పాడు. ముసలాయన సూది పక్కన పెట్టి రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు.

పదిగంటలకు మేమంతా ఉయ్యాల చుట్టూ ఉన్నాం. మా ఆవిడ, అత్త, నేను. శబ్దం సవక తోపు దాటింది. వంపు దాటింది. మోత పెరుగుతోంది. మోటారు షెడ్డు దగ్గర ట్యాపు తిప్పినట్టున్నాడు, కాసేపటికి శబ్దం సన్నబడి, పదునెక్కింది. ఆ తేడా నా చెవికి స్పష్టంగా తెలిసింది. ఇంటి వెనక్కి వచ్చేసరికి అరుగు మీద గిన్నెలు అదురుతున్నాయి. అత్త పాప చెవులు మూయడానికి వంగింది. పాప పెదవులు చప్పరించుకుంటూ అటునుంచి ఇటు తిరిగింది. లేవలేదు. కడుపులో ఉన్నప్పటి నుంచీ రోజూ వింటున్న మోతే గదా, దానికేం కొత్త!

రేవులో ఇంజను ఆగింది. ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పాప ఉలిక్కిపడి, కళ్ళు తెరిచి, గుక్కపట్టి ఏడ్వడం మొదలుపెట్టింది.

"అయ్యో, ఇదా నీ కథ!" అంది మా ఆవిడ. రోజూ పదిగంటలకు ఎందుకు లేచి ఏడుస్తోందో ఆమెకు నెల నుంచీ అంతు పట్టలేదట.

మామ తడికాళ్ళతోనే పరుగున వచ్చాడు. ఒక చేతిలో ఆకులో చుట్టిన పాలసొర ఉంది. దాన్ని అత్తకిచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని, పాపను ఎత్తుకున్నాడు. కుడిచెయ్యి మీద. మా ఆవిడ జరిగింది చెప్పింది. ఇంజను నడిచినంతసేపూ నిద్రపోయింది నాయనా, నువ్వు ఆపినాకే లేచింది, అని.

మామ ఒక నిమిషం నమ్మలేదు. తర్వాత ఆయన మొహం నిండా నవ్వు వచ్చింది. పెళ్ళయిన నాటినుంచీ ఆయన పళ్ళు అన్నీ నేను చూడడం అదే మొదటిసారి. గడ భుజాన వేసుకుని అప్పుడే వస్తున్న బావను గుమ్మంలోనే నిలబెట్టాడు.

"ఇన్నావురా? ఇంజను ఆపితేనే ఏడస్తా ఉండాదంట నా మనవరాలు. ఇంక నన్నెవురు ఆపేది?"

బావ గడను తీసుకెళ్ళి దొడ్డిగోడకు ఆనించాడు. ఆదివారం పొద్దున కూడా ఇంజను మామ చేతికి ఒక్క లాగుకే లేచింది. ప్రార్థన అయ్యాక ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టే మాట ఎవరూ ఎత్తలేదు.